ప్రధాన సంఖ్యలకు అంతు లేదని కొత్తవారికి ఎలా వివరించాలి?

దీనికి ఒక పలక, సుద్దముక్క, దోసెడు చింతపిక్కలు చాలు. క్యాలిక్యులేటర్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి; అది చేతిలో ఉంటే జవాబు కనిపిస్తుందే తప్ప శేషం ఎందుకు మిగిలిందో కనిపించదు.

ముందుగా 84కు కారణాంక వృక్షం గీయించండి. కొమ్మలన్నీ 2, 2, 3, 7 దగ్గర ఆగిపోతాయి. 1 కంటే పెద్దదైన ఏ సంఖ్యనైనా ఏదో ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందని ఒప్పించడానికి అది సరిపోతుంది.

తర్వాత 2, 3, 5 అని జాబితా రాయించి, వాటి లబ్ధమైన 30 పిక్కలను రెండేసి, మూడేసి, ఐదేసి చొప్పున కుప్పలు పెట్టించండి. ఏదీ మిగలదు. ఇంకొక పిక్క కలిపి మళ్లీ పెట్టిస్తే మూడుసార్లూ ఒక పిక్క చేతిలోనే ఉండిపోతుంది. కాబట్టి 31ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, అది జాబితాలో లేనిదే.

చాలామంది పాడుచేసేది ఇక్కడే. "గుణించి ఒకటి కలిపితే కొత్త ప్రధాన సంఖ్య వస్తుంది" అని చెప్పేస్తారు. గైడ్లలో కూడా ఈ మాట చూసి విసిగిపోయాను. 2 నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలను చేర్చుకుంటూ పోతే 7, 31, 211, 2311 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడం వల్ల ఈ పొరపాటు త్వరగా బయటపడదు. 13ను కూడా చేర్చగానే 30031 వస్తుంది. అది 59, 509ల లబ్ధం. అంత పెద్ద భాగహారానికి ఓపిక లేనివారు 2, 7 తీసుకోవచ్చు: వచ్చే 15 ప్రధాన సంఖ్య కాదు, అయినా దాని కారణాంకాలైన 3, 5 జాబితాలో లేవు. మనకు కావలసింది అంతవరకే. "వచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్య కావచ్చు, కాకపోవచ్చు, దానిని భాగించే ప్రధాన సంఖ్య మాత్రం జాబితాలో ఉండదు" అన్న వాక్యాన్ని విద్యార్థి తన చేత్తో రాసేవరకు ముందుకు కదలకూడదు.

ఈ పొరపాటుకు మూలం పరోక్ష నిరూపణతో, అంటే రుజువు చేయాల్సినదానికి వ్యతిరేకమైనదాన్ని నిజమనుకుని అది కుదరదని చూపే పద్ధతితో, మొదలుపెట్టడమేనని నా అభిప్రాయం. "ప్రధాన సంఖ్యలన్నీ ఈ జాబితాలోనే ఉన్నాయనుకుందాం" అన్నాక, వాటిలో ఏదీ భాగించని సంఖ్య ప్రధాన సంఖ్యే కావాలనడం ఆ ఊహ లోపల సరైనదే. ఊహను కొట్టివేశాక కూడా విద్యార్థి ఆ మాటను వెంట తీసుకుపోతాడు. క్రీ.పూ. 300 ప్రాంతపు యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' తొమ్మిదో పుస్తకం, 20వ ప్రతిపాదనలో ఆ దారిన మొదలుపెట్టలేదు. మూడు ప్రధాన సంఖ్యలు తీసుకుని, వాటికి బయట మరొకటి ఉందని చూపాడు. కొత్తవారికి ఇదే చెప్పాలి.

"13 తర్వాత 17 రావాలి కదా, 59 ఎందుకు వచ్చింది?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఈ పద్ధతి తర్వాతి ప్రధాన సంఖ్యను వెతికిపెట్టదు, ఇచ్చిన జాబితా అసంపూర్ణమని మాత్రమే తేలుస్తుందని చెప్పి, జాబితాను ఈసారి వారినే తెమ్మనండి. 3, 5, 7 తెచ్చారనుకోండి: లబ్ధం 105, ఒకటి కలిపితే 106, అంటే 2 × 53. జాబితాలో లేని 2, అందులోని అన్నిటికంటే చిన్నదై పలక మీద కనిపిస్తుంది.