బ్యాంకు లింకు అసలుదేనా? చిరునామా తోక చూసి తేల్చుకోవడం ఎలా?

పోయిన నెల మా అమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఈ రోజే కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుందట. కింద లింకులో బ్యాంకు పేరుంది, "బ్యాంక్" ఉంది, "ఇన్" కూడా ఉంది. టెన్షన్‌లో అమ్మ లింకు నొక్కబోయింది. ఆ లింకును తనతో ఎలా చదివించానో అదే ఇక్కడ రాస్తున్నాను.

1. లింకు నొక్కకండి. "హెచ్‌టీటీపీఎస్" పక్కనున్న రెండు ఏటవాలు గీతల్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. గీత లేకపోతే చివరిదాకా వెళ్లండి.

2. అక్కడి నుంచి వెనక్కి చదవండి. "మనబ్యాంక్.బ్యాంక్.ఇన్" అని ముగిస్తే తోక బ్యాంక్.ఇన్. "మనబ్యాంక్.బ్యాంక్.ఇన్.కేవైసీ-సాయం.కామ్" అని ఉంటే తోక కామ్, ముందున్న బ్యాంకు పేరంతా వేషమే. అమ్మకి వచ్చినదాంట్లో "బ్యాంక్-ఇన్.కామ్" అని ఉంది. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత! కళ్లజోడు పెట్టుకుని చూస్తే గానీ తనకి కనపడలేదు.

3. ఆ తోక ఎవరిస్తారో చూడండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. కామ్, ఆర్గ్, నెట్ 1985 నుంచీ ఉన్నాయి. ఆర్గ్ లాభాపేక్ష లేని సంస్థలకని, నెట్ నెట్‌వర్క్ సంస్థలకని అనుకున్నారు గానీ, అడిగినవాళ్ల దగ్గర రుజువు చూసే ఏర్పాటు లేదు. డబ్బు కడితే ఎవరికైనా ఇస్తారు. ఆర్గ్ అని ఉంది కదా అని నమ్మి విరాళాలు పంపేవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి. కో.ఇన్ కూడా అంతే.

గవ్.ఇన్ అలా కాదు, ప్రభుత్వ కార్యాలయాలకే దొరుకుతుంది. బ్యాంక్.ఇన్ కూడా బ్యాంకులకే. దాన్ని ఇచ్చే అధికారం హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ (రిజర్వు బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ) ఒక్కదానికే ఉంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ఈ చిరునామాకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తోక ఫలానావాళ్లకే అని కాగితం మీద రాసుకుంటే సరిపోదు. ఇచ్చేముందే కాగితాలు అడిగే కాపలా ఉంటేనే ఆ నియమం నిలబడుతుంది. బ్యాంక్.ఇన్ మీద నాకు నమ్మకం కుదిరింది అందుకే.

4. తోక సరిగ్గా ఉన్నా కళ్లు మూసుకోకండి. గవ్.ఇన్ సైట్లలోకి కూడా హ్యాకర్లు చొరబడిన సందర్భాలున్నాయి. తోక చెప్పేది ఇల్లు ఎవరిదనే, లోపలికి దొంగ రాలేదని కాదు. బ్రౌజర్‌లో తాళం గుర్తు కూడా అసలు సైట్ అనడానికి రుజువు కాదు. నకిలీ సైట్లకీ అది ఉంటుంది.

5. పని ఉంటే బ్యాంకు చిరునామా మీరే టైప్ చేయండి. పొరపాటున వివరాలు ఇచ్చేసి డబ్బు పోతే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పి ఖాతా ఆపించండి.

అమ్మ మర్నాడు తన బ్రాంచికి వెళ్లి అడిగింది. కేవైసీ ఎప్పుడో అయిపోయిందమ్మా అన్నారట.