చిన్న హెలికాప్టర్: ఛార్జింగ్ నుంచి దించేదాకా

మా అన్నయ్య కొడుక్కి నేను కొనిచ్చింది సైమా ఎస్107జీ అనే రిమోట్ బొమ్మ హెలికాప్టర్. జానెడు పొడవు, ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, తోక చివర పైకి చూసే చిన్న ఫ్యాను. పై రెక్కలు ఒకవైపు, కింది రెక్కలు ఎదురువైపు తిరుగుతాయి కాబట్టి హెలికాప్టర్ గిరగిరా తిరిగిపోదు. మిగిలిన కొద్దిపాటి తిరుగుడును లోపలున్న గైరో (తిరుగుడును పసిగట్టే చిన్న పరికరం) సర్దుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ రకమే కొనమంటాను. ఏ కంపెనీదైనా పద్ధతి ఇంచుమించు ఇదే.

ముందు ఛార్జింగ్ సంగతి. లోపల ఉండేది 3.7 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ, దానిలో పట్టే ఛార్జింగ్ 150 ఎంఏహెచ్ మాత్రమే. హెలికాప్టర్ స్విచ్ ఆపి, పెట్టెలో వచ్చిన యూఎస్‌బీ కేబుల్‌నే వాడండి. రెండో కొసను ల్యాప్‌టాప్‌కో, మామూలు 5 వోల్టుల పాత ఫోన్ ఛార్జర్‌కో పెట్టండి, ఫాస్ట్ ఛార్జర్ వద్దు. నిండడానికి 40, 50 నిమిషాలు పడుతుంది. కొన్ని కేబుళ్లలో నిండాక లైటు ఆరుతుంది, కొన్నింటిలో నిండాకే వెలుగుతుంది. మీది ఏదో పెట్టెలోని కాగితం చూసి తెలుసుకోండి. నిండగానే తీసేయండి. ఎవరూ లేని గదిలోగానీ, రాత్రంతాగానీ ఛార్జింగ్‌లో ఉంచొద్దు.

ఎగిరి దిగిన బ్యాటరీ వేడిగా ఉంటుంది. పావుగంటైనా చల్లారనివ్వాలి. "బాబాయ్, ఇంకా ఎంతసేపు?" అని మావాడు వెంటపడతాడు. అయినా చేత్తో తాకి చూశాకే కేబుల్ ఇస్తాను. బ్యాటరీ ఆయుష్షంతా ఈ పావుగంటలోనే ఉంది. మే నెల కరీంనగర్ ఎండలో కారులో వదిలేయడం అసలే కూడదు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఇక దానికి ఛార్జింగ్ పెట్టకండి.

ఎగరేయడానికి హాలు మంచిది. సీలింగ్ ఫ్యాను ఆపండి, కర్టెన్లు వేయండి. ఈ రిమోట్ పనిచేసేది ఇన్‌ఫ్రారెడ్‌తో. ఎండలోనూ అదే ఉంటుంది కనుక వెలుతురు ఎక్కువైతే రిమోట్ మాట హెలికాప్టర్‌కు అందదు. రిమోట్‌లో కొత్త పెన్సిల్ సెల్స్ వేయండి.

హెలికాప్టర్‌ను సమంగా ఉన్న నేల మీద, తోక మీవైపు ఉండేలా పెట్టండి. అప్పుడే మీ ఎడమ దాని ఎడమ అవుతుంది. ముక్కు మీవైపు తిరిగితే అంతా తారుమారే. స్విచ్ వేశాక గైరో కుదురుకునేదాకా కొన్ని క్షణాలు కదపకండి. రిమోట్ ఆన్ చేసి, అది హెలికాప్టర్‌తో జతకలవడానికి ఎడమ స్టిక్‌ను (ఎత్తును నడిపేది ఇదే) పైదాకా నెట్టి మళ్లీ పూర్తిగా కిందికి దించండి.

ఇప్పుడు అసలు కిటుకు. భయపడి నేలకు బెత్తెడు ఎత్తులోనే నిలపాలని చూస్తారు. నిలపడం అన్నిటికంటే కష్టం అక్కడే, రెక్కలు కిందికి తోసిన గాలి నేలను తాకి తిరిగొచ్చి దాన్నే ఊపేస్తుంది. స్టిక్‌ను మెల్లగా కానీ ఆగకుండా నెట్టి నడుమెత్తుకు తీసుకెళ్లండి, అక్కడ స్థిమితపడుతుంది. పైకప్పు దగ్గరికి పోనివ్వకండి, దానికే అతుక్కుపోతుంది.

దానంతటదే ఒకవైపు తిరుగుతుంటే రిమోట్ మీద దాన్ని సరిచేయడానికే ఉండే ట్రిమ్ నాబ్‌ను రెండోవైపు కొద్దికొద్దిగా తిప్పండి. కుడి స్టిక్ ముందుకు నెడితే తోక ఫ్యాను తోకను లేపుతుంది, ముక్కు వంగి ముందుకు సాగుతుంది. మొదట్లో కుడి స్టిక్ జోలికి పోకుండా ఒకేచోట నిలపడమే సాధన చేయండి. గోడను తాకిందా, ఎడమ స్టిక్ వెంటనే సున్నాకు దించేయాలి. రెక్కలు ఇరుక్కుని ఉండగా మోటార్లు తిరగాలని చూస్తే కాలిపోతాయి.

ఒక ఛార్జింగ్‌కు 7, 8 నిమిషాలు ఎగురుతుంది. స్టిక్ ఎంత నెట్టినా పైకి లేవకపోతే దించేసి స్విచ్ ఆపండి, పూర్తిగా పిండేయొద్దు. దించాక రెక్కల ఇరుసుకు తలవెంట్రుకలు చుట్టుకున్నాయేమో చూసి ట్వీజర్‌తో తీయండి. కొన్నాళ్లు వాడబోకపోతే సగం ఛార్జింగ్‌తో, చల్లని చోట భద్రపరచండి.