పాత సైకిల్ బాగుచేసుకుందాం - 4వ పాఠం: కాటర్ పిన్ను మొండికేస్తే

ఈసారి చక్రాల బెండు తీయడం చెప్పాలి. కానీ పోయిన పాఠంలో, క్రాంకును (పెడల్ తగిలించే కడ్డీని) మధ్య ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను గురించి "నట్టు విప్పి, కాటర్ పిన్నును సుత్తితో కొట్టి, క్రాంకు లాగేయండి" అని ఒక్క వాక్యంలో దాటేశాను. చాలామంది బండ్లు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాయి. మీరు పంపిన ఫొటోల్లో ఎక్కువ భాగం ఒకే రకం: పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంది, త్రెడ్డు పోయింది, పిన్ను మాత్రం అంగుళం కదల్లేదు. తప్పు నాది. చక్రాలు వచ్చే పాఠానికి జరిగాయి.

ముందు చిన్న ఫిర్యాదు తేల్చేద్దాం. కొందరికి పిన్ను వచ్చింది, చైను పక్క కప్పు (ఇరుసు బాల్స్ తిరిగే గిన్నె) రాలేదు. అది ఎదురు త్రెడ్డు. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అసలు దాన్ని తీయనక్కర్లేదు. ఎడమ కప్పు తీసి, ఇరుసు లాగి, కుడి కప్పును లోపలే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. గుంటలు తగలకపోతే అలాగే వదిలేయండి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైన పాత ర్యాలీ సైకిల్ మీ చేతిలో ఉంటే ఇంకా జాగ్రత్త. దాని కప్పుల త్రెడ్డు అంగుళానికి 26 చుట్లు, బజార్లో దొరికేవి 24 చుట్లు. పాతది పాడుచేసుకున్నాక కొత్తది ఎక్కదు.

ఇక పిన్ను. క్రాంకును పట్టి ఉంచేది నట్టు కాదు. పిన్ను ఒక పక్క ఏటవాలుగా చదునుగా ఉంటుంది. ఇరుసు మీద కూడా చదును గాడి ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని చీలలా బిగుస్తాయి. నట్టు పని పిన్ను వెనక్కి జారకుండా చూడటం, అంతే. ఇది మనసులో పెట్టుకుంటే, నట్టును పానాతో బిగించి పిన్నును లోపలికి లాగాలని చూడరు. అలా లాగితే త్రెడ్డు తెగుతుంది.

తీయడానికి: ముందురోజు రాత్రి రెండు చివర్లా డీజిల్, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి వదిలేయండి. ఇరవై ఏళ్లుగా జంగు పట్టింది గంటలో వదలదు. తెల్లారి క్రాంకును నేలకు సమాంతరంగా, పిన్ను నట్టు పైకి ఉండేలా తిప్పండి. నట్టును కొంచెం విప్పి, దాని పైఅంచు పిన్ను కొసతో సమానంగా ఉంచండి, పూర్తిగా తీయకండి. దెబ్బ నట్టు మీద కూడా పడి త్రెడ్డు బతుకుతుంది.

ఇప్పుడు మీరు వదిలేసింది, నేను రాయనిది: కింద ఆసరా. ముప్పావు అంగుళం జీఐ పైపు ముక్క తీసుకుని, క్రాంకు అడుగు నుంచి నేల దాకా కొలిచి, రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేలా కోయించండి. మామూలు 28 అంగుళాల బండికి అది అడుగుకు అటూ ఇటూ వస్తుంది. పిన్ను కింది తల (త్రెడ్డు లేని మొద్దు చివర) పైపు బోలులోకి దిగాలి, క్రాంకు అంచు పైపు మీద ఆనాలి. బండి బరువు అప్పుడు పైపు మీదే ఉంటుంది. రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా ముక్క కోసిస్తారు.

ఆసరా లేకుండా కొడితే రెండు నష్టాలు. దెబ్బలో సగం బలం బండి ఊగడానికి, టైర్లు నొక్కుకోవడానికి పోతుంది, పిన్నుకు అందదు. మిగతా సగం ఇరుసు మీదుగా బాల్స్‌కు, బాల్స్ నుంచి కప్పులకు చేరుతుంది. ఒక్కో బాల్ కప్పులో ఒక్కో గుంట పెడుతుంది. తరువాత ఎంత గ్రీజు పెట్టినా తొక్కుతుంటే కటకటమంటుంది, కప్పు మార్చాల్సిందే. "ఓవరాలింగ్ చేయించాక శబ్దం మొదలైంది" అంటే నా మొదటి అనుమానం ఇదే.

సుత్తి కిలో బరువుదైనా ఉండాలి. నిటారుగా, ఒక్క దెబ్బ గట్టిగా. పావుకిలో సుత్తితో నలభై చిన్న దెబ్బలు కొడితే పిన్ను బయటికి రాదు, కొస మాత్రం నలుగుతుంది. ఆ పుట్టగొడుగులన్నీ అలా మొలిచినవే. మూడు నాలుగు గట్టి దెబ్బలకు కదలకపోతే ఆపేయండి, మళ్లీ నూనె, మళ్లీ రాత్రి. రెండో రోజూ రాకపోతే బెంచ్ వైస్ తెచ్చుకోండి: తల వైపు కొంచెం వెడల్పు సాకెట్టు, కొస వైపు గట్టి బోల్టు ముక్క పెట్టి మెల్లగా నొక్కితే "ఠప్" మని వదులుతుంది. నాకు సుత్తి కంటే వైసే ఇష్టం, శబ్దం తక్కువ, అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్లు తలుపు కొట్టరు.

దేనికీ లొంగకపోతే త్రెడ్డు భాగం రంపంతో కోసి, మధ్యలో పంచ్ కొట్టి, 4 ఎంఎం, 6 ఎంఎం, ఆపైన 8 ఎంఎం బిట్లతో తొలిచి, మిగిలిన పెంకును పంచ్‌తో తోసేయాలి. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి గ్యాసుతో కాల్పించకండి. నికెల్ పూత నల్లబడుతుంది, లోపల గ్రీజు మాడుతుంది, గట్టిదనం పోయి ఇరుసు మెత్తబడుతుంది. "అంతా ఇట్లానే చేస్తరు" అని మిస్త్రీ చెప్పినా సరే.

కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లండి. 9.5 ఎంఎం, 9 ఎంఎం రెండూ తిరుగుతుంటాయి, కంటికి తేడా తెలియదు. రెండు పక్కలకూ ఒకే పొట్లంలోవి తీసుకోండి, ఏటవాలు తేడా ఉంటే క్రాంకులు ఒక గీతలో నిలవవు.

బిగించే ముందు ఆకురాయి పని. పిన్ను చదును మీద మార్కర్ పూసి, క్రాంకులో పెట్టి, తేలికగా రెండు దెబ్బలు వేసి తీయండి. సిరా చెరిగిన చోటే ఆనుతోంది. ఒక అంచులోనే చెరిగితే అక్కడ ఆకురాయి పెట్టి, మళ్లీ పూసి, మళ్లీ చూడండి. కనీసం ముప్పావు వంతు చెరిగే దాకా. ఏటవాలు మార్చకండి, రెండు పిన్నులనూ సమానంగా అరగదీయండి. పిన్ను మరీ లోపలికి దిగిపోతే అది సన్నం, దానికి రేకు ముక్క దూర్చకండి, మార్చండి.

ఎక్కువమంది పప్పులో కాలేసింది ఇక్కడ. ఒక పక్క పిన్ను నట్టు ముందుకు ఉంటే, అవతలి పక్క నట్టు వెనక్కి ఉండాలి. రెండూ ఒకే వైపు పెడితే ఒక పెడల్ పైన ఉండగా రెండోది సరిగ్గా కింద ఉండదు. తొక్కుతుంటే కుంటినడకలా ఉంటుంది. చాలామంది ఫ్రేము వంగిందనుకుని బండి అమ్మేస్తారు. ఎర్రగడ్డ ఆదివారం బజార్లో అలాంటి బండి దొరికితే బేరమాడి తెచ్చుకోండి, ఖర్చు రెండు పిన్నులే.

పిన్నుకు పలచగా గ్రీజు రాయండి. వద్దనేవాళ్లూ ఉన్నారు, మళ్లీ తీయాల్సి వస్తే నాకు ధన్యవాదాలు చెబుతారు. అదే పైపు ఆసరాతో, ఈసారి తల మీద, మూడు గట్టి దెబ్బలు. తరువాత నట్టు, మామూలు పానాతో మణికట్టు బలమే చాలు. మొదటి 20 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ రెండు దెబ్బలు వేసి, నట్టు బిగించండి. ఇది మానేస్తే పిన్ను వదులై, ప్రతి చుట్టుకూ ఒకేచోట టక్కుమంటుంది. ట్యాంక్‌బండ్ మీద తెలియదు, బంజారాహిల్స్ ఎత్తెక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కితే తెలుస్తుంది. అలాగే తిప్పితే ఇరుసు గాడి అరిగి, ఇరుసే మార్చాలి.

కప్పుల్లో బాల్స్ ఎన్ని వేయాలని అడిగారు: పక్కకు 11, పావు అంగుళానివి, విడివిడిగా. బోనులో కూర్చినవి నాకు నచ్చవు.

సాధన: గురువారం జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లి, తుక్కులో ఒక పాత క్రాంకు జత, ఇరుసుతో సహా, తెచ్చుకోండి. మీ బండి మీద చేయి వేయకముందు దాని మీద ఐదుసార్లు పిన్ను తీసి, ఐదుసార్లు ఎక్కించండి. ప్రతిసారీ క్రాంకులను అడ్డంగా నిలిపి, రెండు పెడల్ రంధ్రాలకూ ఇరుసు మధ్యకూ ఒకే దారం లాగి చూడండి. దారం మూడింటి మీదా పోకపోతే, ఐదులో అది లెక్కకు రాదు.