కష్టమైన గోల్ఫ్ కోర్సులో దిగేముందు: ఏ హోల్‌ను ఎలా ఆడాలి

కఠినమైన కోర్సులో స్కోరు పద్దెనిమిది హోల్స్‌లోనూ పాడవదు. మూడు నాలుగు చోట్ల ఒక్కో హోల్‌కు ఏడో ఎనిమిదో షాట్లు పడతాయి, ఆ కంగారులో మిగతా ఆట చెదిరిపోతుంది. కాబట్టి బంతి ఎక్కడికి పోకూడదో ముందుగా తేల్చుకోండి. ఎక్కడికి కొట్టాలన్నది ఆ తర్వాతి మాట.

ముందురోజే స్కోర్‌కార్డ్, యార్డేజ్ బుక్ (హోల్స్ దూరాలు చూపే పుస్తకం) దగ్గర పెట్టుకుని కూర్చోండి. స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని చెప్పే వరుస, 1 అంటే అన్నిటికన్నా కష్టం) 1 నుంచి 4 దాకా ఉన్న హోల్స్‌ను గుర్తించండి. కోర్స్ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు షాట్లు) 18 ఉన్నవారికి ప్రతి హోల్‌కూ ఒక షాట్ అదనంగా వస్తుంది గనుక అక్కడి పార్ 4 ను (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్‌ను) పార్ 5 అనుకునే ఆడాలి. మూడు షాట్లలో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరితే నష్టమేమీ లేదు. టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి మొదటి ఆటంకం ఎంత దూరం, దాన్ని దాటడానికి గాలిలో ఎంత పోవాలి, ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య కత్తిరించిన గడ్డి దారి) ఎక్కడ ఇరుకవుతోంది, ఈ మూడూ హోల్ పక్కనే రాసుకోండి. క్లబ్ దూరాలు రాసేటప్పుడు నిజాయితీగా ఉండాలి. ఏడో ఐరన్ బాగా తగిలినప్పుడే 150 గజాలు పోతుందంటే, 150 గజాల నీటిని దాటడానికి అది సరిపోదు. ఇంకా దూరం కొట్టే ఐదో ఆరో ఐరన్ తీయాలి.

టీ దగ్గర చాలామంది భయపడి డ్రైవర్‌ను (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌ను) బ్యాగులోనే ఉంచేస్తారు. అది అన్నివేళలా తెలివైన పని కాదు. డ్రైవర్ దూరంలోనూ, మూడో వుడ్ దూరంలోనూ ఫెయిర్‌వే వెడల్పు ఒకటే అయితే డ్రైవరే మేలు, గ్రీన్‌కు దగ్గరవుతారు. బంకరో (ఇసుక గుంట) నీరో సరిగ్గా డ్రైవర్ పడే చోట ఇరుకు చేస్తే మాత్రం క్లబ్ మార్చాలి. మామూలు ఆటగాడి డ్రైవర్ షాట్లు ఎడమా కుడీ కలిపి తేలిగ్గా 60 గజాల మేర చెదురుతాయి. ఒక పక్క నీరు, మరో పక్క పలచని రఫ్ (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) ఉంటే ఆ 60 గజాల్లో అంచు కూడా నీటికి తగలనంత పక్కకు గురి జరపండి. ఫెయిర్‌వే నడిమధ్యకు గురిపెడితే సగం తప్పులు నీళ్లకే పోతాయి. ప్రమాదం ఏ పక్క ఉందో టీ బాక్సులో ఆ పక్కకే నిలబడి అవతలి వైపు కొట్టండి. డాగ్‌లెగ్ (మధ్యలో వంపు తిరిగే హోల్) మూలను కోసి వెళ్లాలన్న కోరికను, కావలసిన క్యారీ (బంతి గాలిలో పోవలసిన దూరం) కచ్చితంగా తెలిసినప్పుడే మన్నించాలి.

గ్రీన్ మీదికి కొట్టే షాటే అసలు పరీక్ష. పిన్ (హోల్‌లో నిలిపిన జెండా) దూరం ఒక్కటే చూస్తే మోసపోతారు. గ్రీన్ ముందంచు, వెనకంచు దూరాలు కూడా కావాలి. ముందంచు 138, పిన్ 143, వెనకంచు 165 గజాలు అయి ముందు బంకర్ ఉంటే, కొట్టవలసింది 152కి. ఎందుకంటే మనలో ఎక్కువమంది తప్పులు పొట్టిగానే పడతాయి. అమెరికాలోని అగస్టా నేషనల్ కోర్సులో 155 గజాల పన్నెండో హోల్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ జరిగిన 2019 మాస్టర్స్ టోర్నీ చివరి రోజు పిన్ కుడివైపు, ముందు రేస్ క్రీక్ అనే వాగు. ఆధిక్యంలో ఉన్న మొలినారీతో సహా పోటీలో ఉన్న నలుగురు బంతిని నీళ్లలో వేశారు. టైగర్ వుడ్స్ పిన్‌ను వదిలేసి ఎడమవైపు సురక్షితమైన చోటికి కొట్టి పార్ తీసుకున్నాడు, టోర్నీ గెలిచాడు.

గాలిని తక్కువ అంచనా వేయొద్దు. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి 150 గజాల షాట్‌ను సుమారు 15 గజాలు తగ్గిస్తుంది. వెనకగాలి కలిపేది అందులో సగం. ఎదురుగాలిలో గట్టిగా కొడితే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి ఇంకా పొట్టిగా పడుతుంది. పెద్ద క్లబ్‌తో నెమ్మదిగా ఆడడమే దారి. పలచని రఫ్‌లో బంతికీ క్లబ్ ముఖానికీ మధ్య గడ్డి చిక్కి స్పిన్ తగ్గుతుంది, బంతి గ్రీన్ దాటి పరుగెడుతుంది. దట్టమైన రఫ్‌లో గడ్డి క్లబ్ మెడను పట్టేసి ముఖాన్ని మూసేస్తుంది. అక్కడ వెడ్జ్ (బంతిని ఎత్తుగా, కొద్ది దూరం కొట్టే క్లబ్) తప్ప మరోటి ఆలోచించకండి.

చెట్లలో పడ్డప్పుడు సందులోంచి కొట్టాలనిపిస్తుంది. పక్కకు తోసి, మూడో షాట్ గ్రీన్ మీదికి కొట్టి, రెండు పట్‌లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు) వేస్తే పార్ 4 మీద బోగీ, అంటే పార్ కన్నా ఒకటి ఎక్కువ. సందులోంచి కొట్టిన బంతి చెట్టుకు తగిలితే ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. 1999 బ్రిటిష్ ఓపెన్‌లో స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ కోర్సు చివరి హోల్‌కు మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చిన వాన్ డి వెల్డ్ ఆరు కొట్టినా గెలిచేవాడు. డ్రైవర్ తీశాడు, రెండో షాట్‌నూ దూరం కొట్టాడు, చివరికి బంతి బారీ బర్న్ అనే వాగు నీటిలో పడి, ఏడు కొట్టి, ప్లేఆఫ్‌లో ఓడాడు.

నియమాలు కొన్ని నోటికి వచ్చి ఉండాలి. బంతి హద్దు దాటిందేమో, పెనాల్టీ ఏరియా (నీరు వంటి, గుంజలతో గుర్తించిన చోటు) బయట కనిపించకుండా పోయిందేమో అనిపిస్తే అక్కడే, ముందుగా చెప్పి, ప్రొవిజనల్ బాల్ (మొదటిది దొరక్కపోతే పనికొచ్చే మరో బంతి) కొట్టండి. వెతకడానికి మూడు నిమిషాలే. ఎర్ర గుంజల ఏరియాలో ఒక షాట్ పెనాల్టీతో, బంతి ఆ ఏరియా హద్దు దాటిన చోటి నుంచి రెండు క్లబ్ పొడవుల లోపల, హోల్‌కు దగ్గర కాకుండా డ్రాప్ చేయవచ్చు. పసుపు గుంజలకు ఈ వెసులుబాటు లేదు: హోల్‌నూ ఆ చోటునూ కలిపే గీతలో వెనక్కి పోవాలి, లేదా పాత చోటి నుంచే కొట్టాలి. బంకర్లో బంతి ఆడలేనట్టుంటే రెండు షాట్ల పెనాల్టీతో బంకర్ బయట, హోల్‌నూ బంతినీ కలిపే గీతలో వెనక్కి డ్రాప్ చేయవచ్చు. లోతైన బంకర్లో మూడుసార్లు విసిరే కన్నా ఇది చవక.

గ్రీన్ వేగం టీ టైమ్‌కు ముందు ప్రాక్టీస్ గ్రీన్ మీద ముప్పై అడుగుల పట్‌లతో చూసుకోండి. ఏటవాలుగా, వేగంగా ఉన్న గ్రీన్‌లో చిప్ (గ్రీన్ పక్క నుంచి చిన్న షాట్) కొట్టేటప్పుడు బంతి హోల్‌కు దిగువన ఆగేలా చూడండి. పై నుంచి ఆరడుగుల పట్ కన్నా కింద నుంచి పదడుగుల పట్ తేలిక.