పేటెంట్ దరఖాస్తుకు ముందు ఆవిష్కర్త తెలుసుకోవలసినవి

పేటెంట్ అంటే, ఒక ఆవిష్కరణను యజమాని అనుమతి లేకుండా ఇతరులు తయారు చేయకుండా, వాడకుండా, అమ్మకుండా అడ్డుకునే హక్కు. ఈ హక్కు సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల వరకు, మంజూరు చేసిన దేశం లేదా ప్రాంతం పరిధిలో మాత్రమే చెల్లుతుంది. ఇందుకు ప్రతిగా, ఆ రంగంలో నైపుణ్యమున్న వ్యక్తి చదివి స్వయంగా తయారు చేసుకోగలిగేంత స్పష్టంగా ఆవిష్కరణ వివరాలను వెల్లడించాలి.

అయితే ఆ వెల్లడి దరఖాస్తుతోనే మొదలు కావాలి. ప్రదర్శనలో చూపినా, వ్యాసం ప్రచురించినా, వీడియో పెట్టినా, సరుకు అమ్మినా ఆవిష్కరణ కొత్తదనాన్ని కోల్పోవచ్చు. అమెరికా చట్టం ఆవిష్కర్త స్వయంగా చేసిన వెల్లడికి ఏడాది గడువు ఇస్తుంది గానీ, యూరప్‌లో అలాంటి వెసులుబాటు దాదాపు లేనట్టే. తయారీదారుతోనో పెట్టుబడిదారుతోనో ముందుగా మాట్లాడక తప్పకపోతే, గోప్యత ఒప్పందం మీద సంతకాలయ్యాకే నమూనాను బయటికి తీయాలి.

ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, పారిశ్రామికంగా ఉపయోగపడాలి. వీటికంటే కఠినమైన మూడో పరీక్ష ఏమిటంటే, అప్పటికే ఉన్న పరిజ్ఞానం తెలిసిన నిపుణుడికి అది ఇట్టే తట్టే మార్పు కాకూడదు. తిరస్కరణలు ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. అందుకే ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్స్ వంటి ఉచిత వేదికలలో ముందుగా వెతకాలి. పదాలతోనే సరిపెట్టుకోకుండా, పేటెంట్లను సాంకేతిక రంగాల వారీగా విభజించే వర్గీకరణ సంకేతాలతోనూ గాలించాలి. దరఖాస్తులు సాధారణంగా 18 నెలల తరువాతే ప్రచురితమవుతాయి కనుక, ఎంత వెతికినా ఇటీవలివి కంటబడవు.

దరఖాస్తులో అసలు ప్రాణం క్లెయిములలో, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలలో ఉంటుంది, ఎందుకంటే హక్కుకు సరిహద్దు గీసేది అవే. ఉదాహరణకు, కాళ్లు జారి విడిపోకుండా కొత్త పద్ధతిలో ఆపే మడత నిచ్చెనను తీసుకుందాం. క్లెయిములో ‘రెండు కాళ్లను కలిపే ఉక్కు గొలుసు’ అని రాస్తే, పోటీదారు నైలాన్ పట్టీ వేసి తప్పించుకునే ప్రయత్నం చేస్తాడు. ‘కాళ్లను కలిపే ఏదైనా సాధనం’ అని రాస్తే, పరీక్షాధికారి ఏదో ఒక పాత నిచ్చెనను చూపి తోసిపుచ్చుతాడు. కాబట్టి ఒక విశాలమైన క్లెయిముతో మొదలుపెట్టి, దాని కింద ఒక్కో ప్రత్యేకతను జోడిస్తూ ఇరుకైన క్లెయిములు పేర్చడం మంచిది. పైది కూలినా కిందిది నిలబడే అవకాశం ఉంటుంది. ఖర్చు ఎంత తగ్గించుకోవాలనుకున్నా, ఈ భాగాన్ని పేటెంట్ ఏజెంటుకు చూపించకుండా పంపకపోవడమే మేలు.

మొదటి దరఖాస్తు వేశాక, 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం 12 నెలల లోపు ఇతర సభ్య దేశాలలో అదే తేదీ ప్రాధాన్యంతో, అంటే కొత్తదనాన్ని ఆ తొలి తేదీ నాటికే లెక్కించేలా, దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకే అంతర్జాతీయ దరఖాస్తు వేయడానికి వీలిచ్చే పేటెంట్ సహకార ఒప్పందం మార్గంలో వెళితే, చాలా దేశాలలో దాన్ని విడివిడిగా ముందుకు తీసుకెళ్లడానికి ఆ తొలి తేదీ నుంచి 30 నెలల వరకు సమయం దొరుకుతుంది. ఇది వ్యవధి మాత్రమే. మంజూరు చేయడమా తిరస్కరించడమా అన్నది ఏ కార్యాలయానికి ఆ కార్యాలయమే తేలుస్తుంది. వేసిన దరఖాస్తులో లేని సాంకేతిక విషయాన్ని తరువాత సవరణ పేరుతో చేర్చనివ్వరు.

పేటెంట్ చేతికొచ్చినంత మాత్రాన ఆ వస్తువును తయారు చేసే స్వేచ్ఛ దానంతటదే రాదు. మన నిచ్చెనలోని మడత కీలు మీద వేరొకరికి పేటెంట్ అమలులో ఉంటే, గొలుసు మనదే అయినా వారి లైసెన్సు తీసుకోవలసిందే. అందువల్ల ఉత్పత్తికి డబ్బు పెట్టే ముందు, అమ్మదలచిన ప్రతి దేశంలోనూ అమలులో ఉన్న ఇతరుల క్లెయిములను విడిగా పరిశీలింపజేసుకోవాలి.