నిమ్మకాయ నీడకి నల్లరంగు కలపకండి: టోన్ స్టడీ నేనెలా చేస్తున్నానంటే

బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) సెకండియర్ నాది. ఫస్టియర్ మొత్తం నా బొమ్మలు చూసినవాళ్ళంతా "కలర్స్ బాగున్నాయి గానీ ఏదో ఫ్లాట్‌గా ఉంది" అనేవాళ్ళు, నేనేమో రంగు చాల్లేదనుకుని ఇంకో రెండు ట్యూబులు కొనేదాన్ని. ఓ రోజు మా బ్యాచ్ అమ్మాయి నా పెయింటింగ్‌ని ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూపించింది. టమాటా, దాని వెనక ఆకుపచ్చ గుడ్డ, రెండూ ఒకే బూడిదరంగు, టమాటా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది! కంటికి ఎరుపూ ఆకుపచ్చా అంత వేరుగా కనిపించినా ముదురు-లేత లెక్కలో ఒకటే అయిపోయాయన్నమాట. ఆ ముదురు-లేత లెక్కే టోన్, వాల్యూ అన్నా అదే, కంగారు పడకండి.

మొదట రంగులన్నీ పక్కన పెట్టేసి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, తెలుపు, ఈ రెండే తీసుకోండి. ఓ కార్డు మీద 5 గడులు గీసి, ఒక చివర అచ్చంగా అంబర్, ఇంకో చివర తెలుపు వేసి, నడిమి గడి కలుపుకున్నాక మిగతా రెండూ నింపాలి. టోన్‌కి అంకెలిచ్చే మన్సెల్ స్కేల్ 0 నలుపు నుంచి 10 తెలుపు దాకా ఉంటుంది కదా అని నేను మొదటిరోజే 9 గడులతో కూర్చున్నా, పక్కపక్క గడులకి తేడా తెలీక ఆ రోజంతా గంగలో కలిసింది. 5 చాలు.

ఇక ముందు పెట్టుకునేది తెల్ల టవల్, దాని మీద ఓ నిమ్మకాయ, ఓ వంకాయ. ట్యూబ్‌లైట్ ఆపేసి పక్క నుంచి టేబుల్ ల్యాంప్ ఒక్కటే వెయ్యండి, కిటికీ వెలుగు అందంగా ఉంటుంది గానీ గంటలో నీడ జరిగిపోతుంది. ఆ అంబర్, తెలుపుతోనే, పోస్ట్‌కార్డు సైజు, పెద్ద బ్రష్, 20 నిమిషాలు, ఇదే టోన్ స్టడీ. కళ్ళు చికిలించి చూస్తే తొడిమలూ ముడతలూ పోయి మూడు నాలుగు మచ్చలే మిగుల్తాయి, వాటినే వెయ్యాలి. ఇక్కడే అందరం బోల్తా పడతాం, టవల్ తెల్లది కదా అని నీడలో కూడా తెల్లగా వేసేస్తాం, నిజానికి నీడలో ఉన్న టవల్ వెలుగులో ఉన్న నిమ్మకాయ కన్నా ముదురు. పైగా అదే టవల్ వంకాయ పక్కన ఒకలా, నిమ్మకాయ పక్కన ఇంకోలా కనిపిస్తుంది. పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో నల్లదారం వెలవెలబోతోందని గొడవైతే, తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న రంగులది అని షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చి 1839లో దాని మీద పుస్తకమే వేశాడు.

టోన్ స్టడీ ఆరాక దాన్ని ఎదురుగా పెట్టుకుని అదే సెటప్ రంగుల్లో. నాకు ఎక్కువ రోజులు పట్టింది నిమ్మకాయ నీడవైపే. పసుపులో నలుపు కలిపితే ముదురు పసుపు వస్తుందనుకున్నా, కానీ వచ్చింది పాచిరంగు! అసలు పసుపు ట్యూబులో ఉన్నప్పుడే చాలా లేత టోన్, అది ముదురుగానూ ఉండాలి మెరవాలి కూడా అంటే కుదరదు, నీడలో దాని పసుపుతనం కొంత వదులుకోవాల్సిందే. ఇప్పుడైతే ఎల్లో ఓకర్ (మట్టి పసుపు)తో మొదలెట్టి, కొంచెం బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), బ్రష్ మొనకి అంటుకునేంత ఊదా వేస్తున్నా. కలిపిన రంగు ఓ చుక్క ఆ 5 గడుల కార్డు మీద, నీడకి కావాల్సిన టోన్ ఉన్న గడిలో అంటించి కళ్ళు చికిలించండి, చుక్క అంచు గడిలో కలిసిపోయి మాయమైతే టోన్ కుదిరినట్టే, కనపడుతుంటే ఇంకా కలపాలి. అక్రిలిక్ అయితే ఆ చుక్క ఆరేదాకా ఆగండి, ఆరాక కాస్త ముదురుతుంది. వాటర్‌కలర్ ఉల్టా, లేతబడుతుంది.

ఫోన్ బ్లాక్ అండ్ వైట్ ఫొటో మొత్తం అయ్యాకే తీయండి, ముందే తీస్తే కన్ను బద్ధకిస్తుంది. ఇంకోటి, వంకాయ ఒకట్రెండు రోజుల్లో మెరుపు తగ్గి ముడుచుకుపోతుంది, కాబట్టి రెండు స్టడీలూ ఒకేరోజు పెట్టుకోండి. నేనైతే హాస్టల్ మెస్‌లో అడిగి తెచ్చుకుని సాయంత్రం వంటకి టైమ్‌కల్లా తిరిగిచ్చేస్తున్నా.