తిరునాళ్ల స్టేజీ మీద పాట ఆగిపోతే

తిరునాళ్లలో గాయని శ్రుతి తప్పితే ముందు వరుస వాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. అదే మైకు మూగబోయి, స్టేజీ చీకటై, ఎందుకు ఆగిందో చెప్పే దిక్కు లేకపోతే అర నిమిషంలో ఈలలు, ఇంకో నిమిషానికి వాటర్ ప్యాకెట్లు మొదలవుతాయి. అందుకని ఆర్కెస్ట్రా ఏర్పాట్లన్నీ ఒకే లెక్క మీద చేసుకోవాలి: ఏది చెడిపోయినా ఇరవై సెకన్లలో స్టేజీ మీద నుంచి ఏదో ఒక చప్పుడు మళ్లీ వినపడాలి.

కరెంటు

ఊరి లైనును నమ్ముకోవద్దు. ఆ రాత్రి రంగులరాట్నం, మిఠాయి కొట్లు, ప్రభల లైట్లు అన్నీ అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడతాయి. 15 కేవీఏ జనరేటర్ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) లెక్కన 12 కిలోవాట్లు. దాని మీద 9, 10 కిలోవాట్లకు మించి లోడు వేయకూడదు. లైటింగ్ వాళ్లు వెయ్యి వాట్ల హాలోజన్లు పది పెట్టారంటే సౌండుకు మిగిలేది ఏమీ ఉండదు. బాస్ దెబ్బ పడ్డప్పుడల్లా లైట్లు మినుక్కుమంటుంటే జనరేటర్ చాలట్లేదన్నట్టే.

మూడు ఫేజులు (కరెంటు వచ్చే తీగలు మూడు) ఉంటే సౌండు మొత్తం ఒక ఫేజు మీద, లైట్లు మిగతా రెండిటి మీద వేయించండి. డిమ్మర్లు (లైట్ల వెలుగు తగ్గించే పరికరాలు) ఉన్న ఫేజు మీదే కీబోర్డు కూడా ఉంటే స్పీకరు బాక్సుల్లో జుయ్యిమనే మోత రాత్రంతా పోదు.

అన్నిటికన్నా ప్రమాదం న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) లూజవడం. మూడు ఫేజుల్లో న్యూట్రల్ వదిలేస్తే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 300 దాటిపోతుంది. మామూలుగా తక్కువ లోడు సౌండుదే కాబట్టి కాలిపోయేవి కీబోర్డు, మిక్సరు (మైకులు, వాద్యాల సౌండు అంతా కలిపే పెట్టె). మల్టీమీటరుతో రెండుసార్లు చూడాలి: లైట్లు వేయకముందు ఒకసారి, లైట్లన్నీ వేశాక ఇంకోసారి. ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 220 నుంచి 240 చూపించాలి. లైట్లు వేయగానే ఒక ఫేజు పెరిగి ఇంకోటి తగ్గిందంటే ఆలోచించకుండా మెయిన్ స్విచ్చు ఆపేసి న్యూట్రల్ బోల్టు బిగించాలి. "ఏం కాదు లెండి, ఎప్పుడూ ఇంతే" అని జనరేటర్ అబ్బాయి అంటాడు. వినొద్దు.

షాకు సంగతి. గిటారు యాంప్ ఒక బోర్డులోంచి, మిక్సరు ఇంకో బోర్డులోంచి తీసుకుంటే గాయకుడు తీగల మీద చెయ్యి పెట్టి మైకుకి పెదవి ఆనించగానే చురుక్కుమంటుంది. పాట మొదలవకముందే మీటరు ఒక కొన మైకు జాలీకి, రెండోది గిటారు తీగకు ఆనించి ఏసీ వోల్టులు చూడండి. నాలుగైదు వోల్టులు దాటితే గాయకుణ్ణి మైకు ముట్టుకోనివ్వద్దు. అన్నీ ఒకే బోర్డుకు మార్చండి. జనరేటర్ పక్కన ఎర్త్ కడ్డీ దింపారో లేదో చూసి, చుట్టూ నీళ్లు పోయించండి. మోత పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. ప్రాణం మీదికి తెచ్చే పని అది.

మైకు కూత

బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి చుట్టూ తిరగడమే కూత. మానిటరు, అంటే గాయకుడు తన పాట తాను వినడానికి స్టేజీ మీద పెట్టే బాక్సు, ఎక్కడ పెట్టాలో మైకును బట్టి ఉంటుంది. షూర్ ఎస్ఎమ్ 58 లాంటి కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనక వైపు చెవిటిది, కాబట్టి మానిటరు గాయకుడికి ఎదురుగా ఉండాలి. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్ మైకు వెనక నుంచి కొంచెం వింటుంది. దానికి మానిటరును కాస్త పక్కకు జరిపి ఏటవాలుగా పెట్టాలి. మైకు మారిస్తే మానిటరూ జరగాలన్న సంగతి చాలామందికి తట్టదు. మైకు మంచిది కాదని దాన్ని తిడతారు.

సాయంత్రం చెక్ చేసేటప్పుడు ఒక్కో మైకునే మెల్లగా పెంచుకుంటూ పోండి. కూత మొదలైన చోట ఆ ఫ్రీక్వెన్సీని 31 బ్యాండుల ఈక్వలైజరులో (శబ్దాన్ని బొంగురు నుంచి సన్నం దాకా విడదీసి హెచ్చుతగ్గులు చేసే పెట్టె) 3 నుంచి 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) కోయండి. మళ్లీ పెంచండి, ఇంకోటి కోయండి. మూడు కోతలు చాలు. నాలుగోది కోస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. తర్వాత మొత్తం 6 డీబీ దించి అక్కడే ఉంచండి.

తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత రావడానికి 3 డీబీ ముందే దారి పడుతుంది. ఎనిమిది మైకులు తెరిచి పెట్టి ఇద్దరితో పాడించడం దండగ. పాడనివాళ్ల మైకులు మూసేయాలి. నోటికీ మైకుకీ మధ్య రెండు వేళ్ల ఎడం. ఆ దూరం రెట్టింపైతే గొంతు 6 డీబీ తగ్గుతుంది, ఆపరేటరు దాన్ని పూడ్చబోయి కూత పెట్టిస్తాడు. సినిమాల్లో చూసి జాలీని గుప్పిట్లో పట్టుకుని పాడే కుర్రాళ్లకు ముందే చెప్పాలి: గుప్పిట మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ వింటుంది, కూత అప్పుడే వస్తుంది. పాట మధ్యలో కూత వస్తే ముందు మానిటరు తగ్గించండి. జనం వైపున్న మెయిన్ బాక్సులు తగ్గిస్తే వెనకున్న జనానికి పాటే పోతుంది.

ట్రాన్స్‌పోజ్

కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట (వేళ్లు మార్చకుండానే శ్రుతిని పైకీ కిందికీ జరిపేది) ఆర్కెస్ట్రాల పరువు తీసినట్టు ఇంకేదీ తీయదు. గాయకుడిది ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్. గాయనిది ఐదున్నర, అంటే జి షార్ప్. సోలో అయ్యాక డ్యూయెట్‌కి మార్చి, తర్వాత సున్నాకు తేవడం మర్చిపోతారు. బీజీఎం (మాటల్లేని వాద్య సంగీతం) ఒక శ్రుతిలో మొదలై, గాయకుడు తనకు అలవాటైన శ్రుతిలో అందుకుంటాడు. ఆ క్షణంలో కీబోర్డు వాయించేవాళ్లు కంగారుగా మీట నొక్కడం అన్నిటికంటే చెడ్డ పని. నొక్కి పట్టిన స్వరాలు ఒక దారిన, కొత్తవి ఇంకో దారిన వెళ్లి రెండు తప్పులవుతాయి. రెండు చేతులూ ఎత్తేయాలి. డోలక్, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) ఆగకూడదు. పల్లవి తాళం మీదే పూర్తవనివ్వాలి. ఈలోగా వాల్యూమ్ తగ్గించి గాయకుడి షడ్జమం (స) పట్టుకుని, మీట సరిచేసి, మొదటి చరణం ముందు బీజీఎంలో దిగాలి. కావాలనే అలా చేశారనుకుంటారు జనం. పాటల కాగితం మీద ప్రతి పేరు పక్కన శ్రుతి, ట్రాన్స్‌పోజ్ అంకె రెండూ రాసి కీబోర్డుకు టేపుతో అంటించండి.

ఫోన్‌లోని ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం) మీద పాడేవాళ్లు ఆ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టారో లేదో చూసుకోవాలి. చరణం మధ్యలో బాక్సుల్లో రింగ్‌టోన్ మోగితే జనానికి అంతకన్నా కామెడీ లేదు. అదే ట్రాక్ రెండో పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి.

మొత్తం ఆగిపోయిన ఆ నిమిషం

స్టేజీ మీద ఎప్పుడూ ఛార్జి చేసిన ట్రాలీ స్పీకరు ఒకటి, దానికి వైరు మైకు ఒకటి సిద్ధంగా ఉండాలి. మిక్సరు, కీబోర్డు, వైర్‌లెస్ రిసీవర్లకు ఒక కేవీఏ యూపీఎస్ పెట్టుకుంటే అవి మళ్లీ మొదటి నుంచి స్టార్టవ్వవు. యాంప్లిఫయర్లను దానికి తగిలించొద్దు, మోయలేదు.

కరెంటు పోగానే డోలక్ వాయించేవాళ్లు ఎవరి మాటకూ ఎదురుచూడకుండా తాళం నడక మొదలుపెట్టాలి, చర్మవాద్యానికి కరెంటుతో పని లేదు. యాంకరు ట్రాలీ మైకు అందుకుని నిజం చెప్పాలి: "జనరేటర్ ఆగింది, ఐదు నిమిషాలు పడుతుంది." రెండే నిమిషాలని చెప్పి పది చేస్తే ఆ తర్వాత ఏం చెప్పినా నమ్మరు. ఆపరేటరు మిక్సరు మీద మెయిన్ ఫేడర్లు (వాల్యూమ్ మీటలు) దించి యాంప్లిఫయర్లు ఆపేయాలి. కరెంటు వచ్చాక ముందు మిక్సరు, చివర యాంప్లిఫయర్లు. ఇది తిరగబడితే ధడేల్‌మన్న శబ్దంతో బాక్సు కాయిల్ పోతుంది.

జనం గోల

గోల దేనికో ముందు తేల్చుకోవాలి. 1965 జూలై 25న అమెరికాలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ బ్యాండుతో మూడు పాటలు పాడి గోల మధ్య దిగిపోయాడు, కాసేపటికి ఒక్క అకూస్టిక్ గిటారుతో తిరిగొచ్చి రెండు పాడాడు. ఆ గోల ఎలక్ట్రిక్ గిటారు మీదా, సౌండు బాగోలేకా, పాటలు తక్కువయ్యాయనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. మన దగ్గర తేల్చుకోవడం అంత కష్టం కాదు. కేక చివరి వరుసల నుంచే వస్తుంటే అక్కడికి వినపడట్లేదని. బాక్సులు నేల మీద ఉంటే ముందు వరుసలే శబ్దాన్ని తాగేస్తాయి, వాటిని తలలపైకి, ఏడెనిమిది అడుగులకు ఎత్తాలి. ఈలలు ముందు నుంచి వస్తుంటే వరసగా మూడు మెలోడీలు పాడి ఉంటారు. నాలుగోది దాటేసి ఊపున్న పాట అందుకోండి.

ఒక హీరో పేరు పట్టుకుని అరుస్తుంటే అది ఇంకో గుంపును రెచ్చగొట్టడానికే. ఇద్దరు హీరోల పాటలూ సమానంగా, వెంట వెంటనే, మధ్యలో యాంకరు మాటల్లేకుండా వేసేయాలి. పార్టీ పాటలు, కులం పాటలు అడిగే చీటీలు కమిటీ పెద్ద చేతిమీదుగానే రావాలి. చదివింపులు చదివేటప్పుడు కూడా వంద ఇచ్చినాయన పేరూ వెయ్యి ఇచ్చినాయన పేరూ ఒకే గొంతుతో చదవాలి. ఒక్క పేరు మింగేసినా ఆ బజారు మొత్తానికి కోపం వస్తుంది.

మైకులో జనాన్ని తిట్టకూడదు. "కూర్చోండయ్యా" అని బయటి ఊరి యాంకరు గద్దిస్తే రెచ్చిపోతారు, అదే మాట ఊరి పెద్దాయన "ఒరే అబ్బాయిలూ, పొరుగూరోళ్ల ముందు పరువు తీయకండ్రా" అంటే వింటారు. ఆయన్ని మొదటి పాట నుంచీ స్టేజీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

జనం వైపు తిరిగిన తెల్ల ఫ్లడ్‌లైట్లు రెండు వేరే స్విచ్చు మీద ఉంచండి. మొహాలు కనబడుతుంటే విసిరే చేతులు తగ్గుతాయి. నీళ్ల ప్యాకెట్ పడితే పాట ఆపొద్దు. సీసా, కుర్చీ, రాయి పడితే ఆపాలి: తాళం నడుస్తుండగానే ముందు గాయనులు, డ్యాన్సర్లు వెనక్కి వెళ్లిపోవాలి. మెట్లు స్టేజీ వెనకే ఉండాలి. ముందు మెట్లు వేస్తే తాగినవాళ్లు డ్యాన్సుకు ఎక్కుతారు.

స్టేజీ నాలుగు అడుగులకు తగ్గకూడదు, పల్లంలో వేయకూడదు. 1969 డిసెంబర్ 6న కాలిఫోర్నియాలో ఆల్టమాంట్ దగ్గర రోలింగ్ స్టోన్స్ బ్యాండు పాడిన స్టేజీ మూడడుగులకు కాస్త పైన, అదీ వాలు అడుగున ఉంది. జనం జారి దాని మీద పడుతూనే ఉన్నారు, కాపలాకు మోటార్‌సైకిల్ ముఠాను పెట్టారు, స్టేజీ ముందే ఒక యువకుడు కత్తిపోట్లకు చనిపోయాడు. ముందు పది అడుగులు ఖాళీ వదిలి సరుగుడు కర్రలతో దడి కట్టించండి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా, ప్రభుత్వం సడలించవచ్చు. పర్మిషన్ కాగితం ఫోటో ఫోన్‌లో ఉంచుకుని, అందులో 10 అని ఉంటే హుషారు పాటలన్నీ తొమ్మిదింబావు నుంచే మొదలుపెట్టండి. పోలీసులు వచ్చి ఆపిన కోపం కూడా ఆర్కెస్ట్రా మీదే పడుతుంది. బాకీ డబ్బు మొదటి పాటకు ముందే తీసుకోవాలి.

మధ్యలోనే వెళ్లాల్సి వస్తే వ్యాను ముందే రోడ్డు వైపు తిప్పి ఉండాలి. మనుషులు, తర్వాత కీబోర్డు, ప్యాడ్స్, మిక్సరు. కమిటీ పెద్దకు చెప్పి బాక్సులు అక్కడే వదిలేయండి, తెల్లవారాక వచ్చి తీసుకెళ్లొచ్చు.